కొర్రమేనుకి తగిన దారం

ఆ పొద్దున్న రామతీర్థం కొండల మీద మబ్బు కదలకుండా కూర్చుంది. కురిసే మబ్బు కాదు, పోయే మబ్బూ కాదు. గాలి లేదు. కొబ్బరాకు ఊగడం లేదు. గెడ్డలో, అదే మా ఊరి వాగులో, కొర్రమేను పైకొచ్చి నోరు తెరిచేది అలాంటి రోజునే. మా ఊళ్లో ఇది అందరికీ తెలుసు.

మంచం మీంచి తాయారు కూడా ఆకాశం చూసింది. నా భార్య. టైఫాయిడ్ తగ్గి వారమైంది. ఇక ఏదైనా పెట్టొచ్చన్నాడు డాక్టరు. పెడితే తినాలి కదా. రెండు మెతుకులు కతికి కంచం తోసేస్తోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"ఏటి తింతావే?" అన్నాను.

"నోరు సవి సచ్చిపోనాది మావా. గెడ్డలో కొర్రమేను పులుసైతే తింతాను. బజారు సేప తేకు. మేతేసి పెంచిన సేప నాకు తెలిసిపోతాది."

ఇరవై రోజుల్లో ఆమె నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదలు.

అటక మీంచి వెదురుగెడ, గాలం దించాను. దారం పట్టుకోగానే పొడిపొడిగా రాలింది. గోగునారతో నేనే తొడ మీద పేనిన దారం. ఊళ్లో గోగు వెయ్యడం మానేసి చాలా ఏళ్లయింది. కొత్తది పేనుదామంటే నార లేదు.

"కొనుక్కుంటే పోద్ది కదా బావా. దారానిక్కూడా ఆలోసిస్తావేటి?" అన్నాడు గంగులు. తాయారు తమ్ముడు. మా వెనక వీధే. వాడికి మాట ఆగదు, నాకు మాట రాదు. అందుకే ముప్పై ఏళ్లుగా కలిసి తిరుగుతున్నాం.

బండి మీద విజయనగరం వెళ్లాం. నగరేశ్వరరావు గారి కొట్టు. పూర్వం మా గోగు కట్టలు కొన్నది ఆయనే. ఇప్పుడు తాళ్లు, వలలు, గాలాలు అమ్ముతున్నారు. ఆయన మూల కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. బల్ల దగ్గర ఆయన కూతురు దీపిక ఉంది. ఆమె వెనక గోడ నిండా దారపు చుట్టలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. చీరల కొట్టు అనుకోవచ్చు.

"ఏ దారం కావాలి బాబాయ్?"

"సేపలకి."

"ఏ చేపకి?"

"కొర్రమేనుకి."

"నిలవ నీళ్లా, పారే నీళ్లా? నాచు ఉంటుందా? దారం తేలాలా, మునగాలా? సాగాలా, సాగకూడదా?"

నేను గోడ వైపు చూస్తూ ఉండిపోయాను. గంగులు అందుకున్నాడు. "మా అక్క పెళ్లిసూపుల్లో కూడా ఇన్ని అడగనేదమ్మా."

ఆ పిల్ల నవ్వి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "ఇది నీళ్లలో కనపడదు. ఇది మనకి కనపడుతుంది, చేపకి కనపడదు. ఇది నాలుగు పోగుల అల్లిక. ఇది ఎనిమిది."

"కనపడదని సేప నీకు సెప్పినాదేటమ్మా?"

"చెప్పింది బాబాయ్. డబ్బా మీద రాసిచ్చింది."

గంగులుకి ఎదురు మాట తగలడం చూసి నాకు సరదా వేసింది.

నార మంచిదో కాదో తెలుసుకునే పద్ధతి నాకు ఒకటే వచ్చు. పోగు చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున తెంపాలి. గట్టిగా పలికితే మంచి నార. పలకకపోతే నీళ్లలో ఊర పెట్టినప్పుడు కుళ్లిందన్నమాట. అలాగే ఆ దారాలన్నీ చెవి దగ్గర పెట్టి లాగాను. ఏదీ తెగలేదు. ఏదీ పలకలేదు. వేళ్లు మాత్రం కోసుకుపోయాయి.

"జగన్నాధం, అది గోగు కాదయ్యా" అన్నారు నగరేశ్వరరావు గారు పేపరు దించకుండానే.

చివరికి నీళ్లలో కనపడని దారం తీసుకున్నాను. కనపడకపోవడం మంచి గుణమే అనిపించింది.

తిరిగొచ్చేసరికి మబ్బు ఇంకా అక్కడే ఉంది. గెడ్డ వంపులో జమ్ము కింద మడుగు ఉంది. చిన్న కప్పని గాలానికి గుచ్చి వదిలాను. పట్టుమని పది నిమిషాలు కాలేదు. నీళ్లు పగిలిన చప్పుడైంది. గెడ విల్లులా వంగింది. నేను లాగాను. అంతలోనే గెడ నిటారుగా లేచిపోయింది. దారం ఉంది, గాలం లేదు.

"తెగిపోనాది" అన్నాడు గంగులు. "ఆ పిల్ల మనకి కనపడని దారం కాదు, అసలు నేని దారం అమ్మినాది."

మర్నాడు వెళ్లి లావుపాటి ఆకుపచ్చది తెచ్చాను. అదే మడుగు, అదే చేప, అదే పని. గాలం పోయింది. ఆ మర్నాడు నల్లటి అల్లిక దారం తెచ్చాను. ముట్టుకుంటే పేనిన తాడులాగే ఉంది. దాని మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది. అది అన్నిటికన్నా తొందరగా వదిలేసింది.

"దానికి ముక్కుపుడకలు సేయిస్తన్నావేటి బావా? రోజుకొకటి ఇచ్చి పంపుతన్నావు" అన్నాడు గంగులు ఇంట్లోకి వస్తూనే.

తాయారు విని మంచం మీంచి అంది. "మీకు సేప దొరికినాదా, సేపకి మీరు దొరికినారా?"

నవ్వింది గానీ సాయంత్రం జావ గ్లాసు నిండుగానే తిరిగొచ్చింది. "కొర్రమేను వస్తాది కదా, అప్పుడు తింతాన్లే" అంది.

తెల్లారి కొట్టు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాం. దీపిక షట్టరు ఎత్తింది.

"ఇంకా గట్టిది ఇయ్యమ్మా" అన్నాను.

"దీనికన్నా గట్టిదా? దీంతో గేదెని కట్టొచ్చు బాబాయ్. ఇంకోటి నేను అమ్మను. అసలు ఆ తెగిన కొస చూపించండి."

మూడు చుట్టలూ సంచిలోనే ఉన్నాయి. బల్ల మీద పెట్టాను. ఆమె మూడు కొసలూ వెలుతురుకి పెట్టి చూసింది. "తెగితే కొస తిన్నగా ఉండాలి. ఇవి చూడండి, పందిపిల్ల తోకలా ఎలా చుట్టుకున్నాయో. దారం తెగలేదు. ముడి జారింది. ముడి ఎలా వేస్తారు?"

వేసి చూపించాను. రెండు చుట్లు తిప్పి, కొస కిందికి దోపి, బొటనవేలితో నొక్కి లాగడం. ఆమె గాలాన్ని బల్లకున్న మేకుకి తగిలించి దారం లాగింది. నా ముడి అలా అలా నడుచుకుంటూ వచ్చి, తోక చుట్టుకుని, బయట పడింది.

మూలన పేపరు దిగింది. "అది గోగుకట్ట ముడి కదయ్యా!" నగరేశ్వరరావు గారికి నవ్వు ఆగలేదు. "ఆ ముడి విప్పలేక మా కొట్లో మనుషులు కత్తితో కోసేవారు. ఊరంతా అదే ముడి."

నిజమే. మా నాన్న వేసిన ముడి అది, నేనూ అదే వేశాను. గోగునార గరుకు. తడిస్తే ఉబ్బి ముడి ఇంకా బిగుస్తుంది. ఈ దారం నున్నన. తడిస్తే ఇంకా జారుతుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. మూడు రోజులు గోడనే చూశాను గానీ నా వేళ్లు చూసుకోలేదు.

"అయితే ఇందులో ఏది మంచి దారమమ్మా?" అడిగాడు గంగులు.

"మూడూ మంచివే బాబాయ్."

గంగులు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

దీపిక కొత్త ముడి నేర్పింది. దారాన్ని గాలం బెజ్జంలోంచి దూర్చి, ఆరు మెలికలు తిప్పి, కొసని మొదటి సందులోంచి వెనక్కి తెచ్చి, ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించాలి. నా వేళ్లు ఒప్పుకోలేదు. మాటిమాటికీ పాత దారినే పోయాయి. పదకొండోసారికి కుదిరింది. మేకుకి తగిలించి ఆమే లాగింది. కదల్లేదు. గాలాలు మాత్రం ఇచ్చి పంపింది.

ఆ పూటే మడుగు దగ్గర కూర్చున్నాం. మొదట కొన్న దారమే కట్టాను. ఈసారి చాలాసేపు ఏమీ జరగలేదు. అప్పుడు నీళ్లు పగిలాయి. గెడ వంగింది. వంగి వంగి, అలాగే ఉండిపోయింది. గంగులు లుంగీతో సహా నడుంలోతు నీళ్లలోకి దూకి తువ్వాలుతో చేపని వాటేసుకున్నాడు. రెండు కేజీలకి పైమాటే. మూతి పక్కన మా గాలం ఇంకొకటి వేలాడుతోంది.

తాయారు గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. పీట వేసుకుని, చేప జారకుండా బూడిద రాసి తనే తోమింది. మూతి దగ్గర వేలు ఆగింది.

"నిజంగానే ముక్కుపుడక ఎట్టుకున్నాదిరా గంగులూ" అంది.

దాకలో చింతపండు పులుసు తెర్లింది. తనే ఉప్పు చూసింది. ముగ్గురం వంటింట్లోనే కూర్చున్నాం. ముందు తాయారుకి వడ్డించాను. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నేనూ గంగులూ కంచాలు ముందు పెట్టుకుని ఆమె నోటి వైపే చూస్తున్నాం. నమిలింది. ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. ఇంకో ముద్ద కలిపింది. అప్పుడు మేమూ చెయ్యి పెట్టాం. గంగులు సైతం తల ఎత్తలేదు. కంచం అంచున ముళ్లు వరసగా పేరుకున్నాయి. కాసేపటికి తాయారు కంచాన్ని దాక వైపు తోసింది. నేను ఇంకో గరిటె అన్నం, ఒక నడిముక్క వేశాను.