తోక తెగిన చిలక

కోర్టుకు బయల్దేరుతున్న అక్క కోసం చెల్లెలు సంచిలో రెండు చీరలు, మందుల డబ్బా, కళ్లజోడు సర్దింది. మళ్లీ అన్నీ బయటికి తీసింది. అడుగున ఉండాల్సింది చెక్క అచ్చు.

"తువ్వాల్లో చుట్టవే. చిలక్కి దెబ్బ తగిలిందంటే ఊరుకోను," అంది అక్క జడ వేసుకుంటూ.

ఆ చిలకను గీసిందీ, చెక్కిందీ అక్కే. రంగులో ముంచి పిల్లల దుప్పట్ల మీద అద్దేది చెల్లెలు. జీవితమంతా అదే పని. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ అదే చిలకను తన దుప్పట్ల మీద వేసుకుంది. పైగా బొమ్మ తమదేననీ, వీళ్లిక అద్దకూడదనీ కోర్టుకెక్కింది. చిలక పోతే అక్కకు కుడిచెయ్యి పోయినట్టే.

"చిలకలు లోకమంతా ఉన్నాయి. మనదని ఎవరు నమ్ముతారు?" అని చెల్లెలు మొన్ననే లాయరమ్మ ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"చిలక అందరిదీ పిన్నిగారూ. మీ అక్కగారు గీసిన బొమ్మ మాత్రం ఆవిడదే. గీసినప్పుడే హక్కు వచ్చేసింది, ఎక్కడా రాయించుకోనక్కర్లేదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆవిడది, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మీది."

"ఆ తర్వాత మాట ఎత్తకు తల్లీ."

లాయరమ్మ నవ్వి, కంపెనీ దుప్పటి పరిచి చిలక తోక మీద వేలు పెట్టింది. మూడో ఈక సగంలో తెగి ఉంది. అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అచ్చు చెక్కుతున్న రోజు చెల్లెలు తమ ఇంటి ఓనరులా నడిచి చూపిస్తే, అక్క నవ్వాపుకోలేక ఉలి జార్చింది. అప్పుడు తెగిన ఈక అది. మంచి చెక్క పారెయ్యబుద్ధి కాక అలాగే ఉంచేశారు. కంపెనీవాళ్లు ఆ పొరపాటుతో సహా దింపేసుకున్నారు.

"నేనూ వస్తానక్కా," అంది చెల్లెలు సంచి మూతి కడుతూ.

"నువ్వు బస్సెక్కితే ముందు సీటువాళ్ల బట్టలు ఉతకాలి. ఇంట్లో ఉండి ఆరేసిన దుప్పట్లు చూసుకో."

"వేళకి మందులేసుకో. మెట్లు మెల్లిగా దిగు."

"సరేలే. గెలిస్తే నీ కోతివేషాల పుణ్యమే. ఓడినా నిన్నే అంటాను."

బస్సు మలుపు తిరిగేదాకా చెల్లెలు వీధిలోనే నిలబడింది.

కేసు గెలిచారు. సంచినీ, అచ్చునూ లాయరమ్మ తెచ్చి ఇచ్చింది. అక్క తిరిగి రాలేదు. గురువారం మధ్యాహ్నం, తీర్పు విన్నాక, కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా పోయింది.