తెల్లబోయిన నవ్వు

మా ఆయన అమరేందర్‌తో వేగడం ఎంత కష్టమో దేవుడికి కూడా చెప్పుకోలేను. చెప్పుకుందామని కూర్చుంటే, దేవుడి పటం ఎడమకు వంగిందంటాడు. నల్గొండలో ఒక మాసపత్రికకు ముఖచిత్రాలు తయారుచేయడం ఆయన పని. అన్నం పెడితే "పప్పంత గీ మూలకే ఉన్నది, గా పక్కంత ఖాళీ" అంటాడు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. బస్టాండు దుకాణంలో పత్రిక క్లిప్పుకు వేలాడుతుంటుంది. బస్సు కోసం ఉరికే మనిషి ఒకటి, రెండు, మూడు అనేలోపు దాన్ని దాటిపోతాడు. ఆలోపే అట్ట మీది బొమ్మ అతణ్ని పట్టుకోవాలి.

"అక్షరాలు తర్వాత సుహాసినీ, ముందుగాల మొఖం పిలవాలె."

సుహాసిని నా పేరే. చక్కగా నవ్వేది అని అర్థం. మర్రిగూడలో పుట్టిన పిల్లకు ఆ పేరు పెట్టేముందు మా బాపు బావినీళ్లను అడగలేదు. ఫ్లోరైడు నా పళ్ల మీద గోధుమరంగు గీతలు గీసింది. డిగ్రీలో చున్నీ, పెళ్లయ్యాక కొంగు. ఏదో ఒకటి నోటికి అడ్డం పెట్టుకునే నవ్వాను.

పోయినేడు పత్రికవాళ్లు మర్రిగూడ నీళ్ల మీద ప్రత్యేక సంచిక వేశారు. ఆయన కెమెరా పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

"కొంగు తియ్యి. నీ నవ్వే అట్ట."

"పండ్లు కనబడ్తయి."

"కనబడాల్నే గదా! గా గీతలే కథ. ఉన్నది ఉన్నట్టే ఏస్త."

నమ్మాను. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి నోరారా నవ్వాను.

సంచిక వచ్చింది. అట్ట మీద నేనే. పళ్లు మాత్రం మల్లెమొగ్గలు. కింద పెద్ద అక్షరాలతో, 'ఈ నీళ్లు మా పళ్లను తిన్నాయి'.

"గిదేంది?" అన్నాను.

"దూరంకెల్లి చూస్తే గా మరకలు అచ్చుతప్పు లెక్క కొడుతున్నయి. జర తెల్లగ చేసిన, అంతే."

పదిహేనేళ్లు పక్కన కూర్చుని తిన్న మనిషికి నా నోట్లో ఉన్నది అచ్చుతప్పు. గొడవ పెట్టుకోలేదు. మధ్యాహ్నం కంచంలో తొక్కుపచ్చడికి బదులు టూత్‌పేస్టు వేశాను, మూల ఖాళీ లేకుండా. ఆయన నవ్వాడు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను, నవ్వు రాకుండానే.

ఆదివారం మర్రిగూడ పోయాం. మా అమ్మ లీలమ్మకు చెవులు సగమే గాని, కళ్లు గట్టివి. బిడ్డ బొమ్మ పడిందని వాడకట్టంతా చెప్పి, ఆడవాళ్లందరినీ అరుగు మీద కూర్చోబెట్టింది. పత్రిక చేతికిస్తే అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"నీ బొమ్మ ఏ పేజీల ఉన్నది బిడ్డా?"

"అట్ట మీదనే అమ్మా."

"గీమెనా? గీమెవరో, నీ చీర కట్టుకున్నది."

ఆ చీర అమ్మ పెట్టిందే. బొమ్మలో దాని అంచును వేలితో తడిమి చూసింది. "నా బిడ్డ పండ్లు గిట్లుండయి," అంది.

ఆయన గొంతులోనే ఏదో గొణిగాడు.

"ఏందయ్యా? ఇనబడ్తలేదు, జర గట్టిగ చెప్పు."

ఆయన నా వంక చూశాడు. నేను సాయం చేయలేదు. ఇక తప్పక, వాడకట్టంతా వినబడేలా అరిచాడు.

"తప్పు నాదే అత్తమ్మా! ఆమె పండ్లు మంచిగనే ఉండె. నేనే చెడగొట్టిన!"