మిరపకోతల్లో కాటుక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అలాంటి నన్ను తీసుకెళ్ళి నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. నలుగురు అమ్మాయిలను తీసుకున్నామని, మూడు నెలలు చూసి ఇద్దరినే ఉంచుకుంటామని మేనేజరు జయకృష్ణ గారు మొదటిరోజే చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకదాన్ని కావాలని నేను గట్టిగా అనుకున్నాను. డిగ్రీ చేతికొచ్చాక రెండేళ్ళపాటు మా అమ్మ వెంట మిరప చేలో నడుం వంచినదాన్ని నేను. ఈ కుర్చీ పోతే మళ్ళీ ఆ చేనే గతి.

వారం తిరక్కుండానే జయకృష్ణ గారు పిలిచారు. "పని బాగానే చేస్తున్నావు ప్రిస్కిల్లా. కానీ ముఖం చూస్తే జ్వరపడి లేచినట్టున్నావు. ఫ్రంట్ ఆఫీసు కదమ్మా, కాస్త గ్రూమింగ్ చూసుకో" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అదే సాయంత్రం బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులోకి దూరి, నా రంగు కంటే బాగా తెల్లగా ఉన్న క్రీము ఒకటి, దానికి తగ్గ పౌడరు ఒకటి కొన్నాను. చూసుకోండి గ్రూమింగ్ అంటే ఇదీ అని మర్నాడు రెండు పూతలు పూసుకుని మరీ వెళ్ళాను. క్రోసూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన టోకెన్ తీసుకోబోయి నన్ను చూసి ఆగిపోయాడు.

"నీకేమైంది తల్లీ, ముఖంలో రక్తమే లేదు! ముందు నువ్వు చూపిచ్చుకో, నేనాగుతాలే" అన్నాడు.

వెనక లైనంతా నవ్వింది. పక్కనే బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే రామలక్ష్మక్క నవ్వలేదు. పన్నెండేళ్ళ నుంచి అక్కడే పనిచేస్తున్న మనిషి ఆమె. టీ టైములో నన్ను చెయ్యి పట్టుకుని వాష్‌రూమ్‌కి లాక్కెళ్ళి, చిన్నపిల్లకు కడిగినట్టు ముఖం కడిగేసింది.

"ఏందే ఈ సున్నం? మన రంగు మనకుండగా పక్కింటి రంగెందుకు? దవడ పక్కన కాస్త రాసి, షాపు బయటికొచ్చి ఎండ వెలుతుర్లో చూసుకో. రాసినట్టే కనపడకపోతే అదీ నీ షేడు" అంది.

తన సంచిలోంచి ఒక్కొక్కటే తీసింది. ముఖం తడి ఆరకముందే మాయిశ్చరైజరు. ఎండలో బస్సు కోసం నిలబడేదాన్ని కాబట్టి సన్‌స్క్రీన్, అదీ మెడకు కూడా. పౌడరు ముక్కుకీ నుదుటికీ మాత్రమే. లిప్‌స్టిక్ పెదాలకి గీసుకోకుండా వేలితో అద్దుకోవాలట, అప్పుడు ఎంతసేపు మాట్లాడినా అంచులు చెదరవట. మధ్యాహ్నానికి జిడ్డు కారితే టిష్యూతో అద్దాలి తప్ప మళ్ళీ పౌడరు కొట్టకూడదట. ఇదంతా ఏడు నిమిషాల్లో అవ్వాలని, అంతకు మించితే అది పెళ్ళి ముస్తాబని చెప్పింది.

"బొట్టు పెట్టుకోవుగా?"

"మేం పెట్టుకోమక్కా."

"కమ్మలు?"

"అయ్యీ లేవు."

రామలక్ష్మక్క నా ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే నీకు కళ్ళే దిక్కు. సన్నగా కాటుక గియ్యి, ముఖానికి కళొచ్చిద్ది. ఇదంతా అందం కోసమనుకోమాకు. రోగంతో వచ్చినోళ్ళు ముందు మన ముఖమే చూత్తారు. మనం కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి వచ్చినట్టుంటే వాళ్ళకి సగం ధైర్యం" అంది. నా కోపం అక్కడితో చల్లారింది.

మిగతావన్నీ నాలుగు రోజుల్లో పట్టుబడ్డాయి గానీ కాటుక మాత్రం లొంగలేదు. ఒక కంటికి సన్నగా వస్తే రెండో కంటికి లావుగా వచ్చేది. మా ఇంట్లో ఉన్నది అరచేతి అద్దం. దాంట్లో ఒక కన్ను కనిపిస్తే రెండోది కనిపించదు. అప్పుడు మా అమ్మ పాపమ్మ ముందుకొచ్చింది. రాజుపాలెం దగ్గర మా ఊళ్ళో ప్రార్థన మందిరానికి అందరికంటే ముందు వెళ్ళి చాపలు పరిచేది మా అమ్మే. ఈ రంగులు చూసి ఏమంటుందోనని నేను బిక్కుబిక్కుమంటుంటే, ఆమె స్టూలు లాక్కుని నాకెదురుగా కూర్చుంది.

"నేను చూసి చెప్తాగా. ఎడమది లావైంది. ఇంకాస్త తుడువు. ఆ... చాలు. ఇప్పుడు రెండూ సమానం" అంది.

"మందిరంలో ఏమన్నా అనుకుంటారేమోనే."

"అనుకుంటే అనుకోనీ. ప్రభువు నీ ఉద్యోగం చూత్తాడు గానీ నీ కాటుక చూత్తాడా?"

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా మా అమ్మే నా అద్దం. ఎదురుగా కూర్చుని, కోతలు మొదలయ్యాక చేతులు రెండూ ఒళ్ళో కొంగు కింద దాచుకుని, కళ్ళతోనే నన్ను తయారుచేసేది.

ఆ చేతుల సంగతి చెప్పాలి. జనవరిలో కోతలు మొదలైతే మిరప ఘాటు మా అమ్మ చేతుల్లోకి ఇంకిపోతుంది. కొబ్బరినూనె రాసినా, మజ్జిగతో కడిగినా, బూడిదతో తోమినా పైపైన పోతుంది గానీ గోళ్ళ సందుల్లోంచి, పగుళ్ళలోంచి పోదు. మా ఊళ్ళో కోతకు వెళ్ళే తల్లులెవరూ ఆ మూడు నెలలూ పిల్లల ముఖం మీద చెయ్యి వెయ్యరు. నా చిన్నప్పుడు ఆ రోజుల్లో మా అమ్మ నాకు చెంచాతో అన్నం తినిపించేది. ఏడిస్తే మోచేత్తో కన్నీళ్ళు తుడిచేది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, వంగి ముద్దు పెట్టుకునేది. ఈస్టరు నాటికి కోతలు అయిపోయి ఆమె చేతులు నాకు తిరిగొచ్చేవి. ఆ రోజు మందిరానికి వెళ్తూ నా చెంపలు పుణికి పుణికి వదిలేది కాదు.

మార్చి మొదటి సోమవారం మా మూడు నెలలూ పూర్తయ్యాయి. ఆ రోజు పెద్ద డాక్టరు గారు స్వయంగా వచ్చి నలుగురినీ చూస్తారని, సాయంత్రానికి రెండు పేర్లు చెబుతారని కబురు. మా అమ్మ ముందురోజంతా కల్లంలో ఎండబోసిన మిరపలోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరి వచ్చింది. పొద్దున్నే లేచి నా చీర తనే ఇస్త్రీ చేసింది. నేను గడపలో వెలుతురుకు కూర్చుని అన్నీ వరసగా చేసుకొచ్చాను. చివర్లో కంగారులో కాటుక ఎడమ కంటి మూల జారింది. టిష్యూతో తుడిస్తే ఇంకా పాకింది. బస్సుకు పది నిమిషాలు కూడా లేదు.

"అమ్మా, ఈ మూల కాస్త తుడువు."

అమ్మ కదల్లేదు. "ఈ చేతులతోనా..."

"రాత్రి కడుక్కున్నావు, పొద్దున కడుక్కున్నావు. ఇంకేంది? తుడువు, బస్సు పోద్ది!"

అమ్మ చెయ్యి వాసన చూసుకుంది. కొంగుకు నాలుగుసార్లు రుద్దుకుంది. చిటికెనవేలు చివరతో, తగిలీ తగలనట్టు, నా కంటి మూల తుడిచింది. నేను లేచి చెప్పులు వేసుకుంటుండగా మొదలైంది. కంట్లో నిప్పు పోసినట్టయింది. కన్ను తెరవలేను, మూయలేను. నీళ్ళు, కాటుక, పౌడరు కలిసి చెంప మీదుగా చీర దాకా కారాయి.

"ఆ చేతులతో నన్నెవరు ముట్టుకోమన్నారు నిన్ను? నా ఉద్యోగం పోగొట్టావుగా!" అని అరిచాను.

మా అమ్మ చెంబుతో నీళ్ళు పోయబోయి, చెంబు కూడా తన చేత్తో పట్టుకున్నదే కదా అని కాబోలు, గట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. నేనే ముఖం మొత్తం కడుక్కున్నాను. ఏడు నిమిషాల ముస్తాబూ నీళ్ళతోపాటు జాలాట్లోకి పోయింది. తడి ముఖంతోనే పరిగెత్తి బస్సెక్కాను. బస్సు రెండు ఊళ్ళు దాటాక మంట కొంచెం తగ్గి, బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. తుడవమన్నది నేనే. వద్దంటున్నా వినకుండా బలవంతపెట్టిందీ నేనే. ఫోన్ చేద్దామని తీశాను గానీ ఏమని చెప్పాలో తెలియక మళ్ళీ సంచిలో పెట్టేశాను.

రామలక్ష్మక్క నన్ను చూడగానే విషయం కనిపెట్టేసింది. "మిరప చేయేగా? రుద్దమాకు. ఈ రోజు కంటి జోలికే పోవద్దు. కుడి కంట్లో మిగిలిన కాటుక కూడా తీసెయ్, ఒక కంటికే ఉంటే ఇంకా వింతగా ఉంటది" అంటూ కొంచెం మాయిశ్చరైజరు రాసి, పెదాలకు కాస్త రంగు అద్ది, జుట్టు సర్ది కౌంటర్లోకి తోసింది. మిగతా ముగ్గురమ్మాయిలూ ముచ్చటగా ముస్తాబై కూర్చున్నారు. నా ఎడమ కన్ను టమాటాలా ఉంది. పోయిందిలే ఉద్యోగం అనుకున్నాను.

సోమవారం లైను ఎప్పుడూ కొట్లాటే. నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఎవరైనా ఒకటంటే రెండు అనేదాన్ని. ఆ రోజు మాత్రం వచ్చినవాళ్ళు వచ్చినట్టు నా కంటికి వైద్యం చెప్పసాగారు. "మజ్జిగలో గుడ్డ ముంచి ఏసుకో తల్లీ" అని ఒకామె. "మా ఇంటిదానికీ పోయిన వారం ఇంతే, పొద్దుగూకేసరికి తగ్గిద్ది" అని ఒకాయన. నాకు కోపం తెచ్చుకునే తీరికే దొరకలేదు. ఒంటి కంటితో టోకెన్లు రాస్తూనే ఉన్నాను.

పదకొండింటప్పుడు పెదకూరపాడు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. జ్వరంతో ఉన్న బిడ్డను ఆమె అత్త ఎత్తుకుంది. బిడ్డ తల్లి కోసం చేతులు చాస్తూ ఏడుస్తోంది. తల్లి మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడి, నోటితోనే బుజ్జగిస్తోంది. సంతకం పెట్టమని పెన్ను ఇస్తే కొంగు అడ్డం పెట్టి పట్టుకుంది.

"మళ్ళీ పెన్నుకున్న మిరప ఘాటు మీకు అంటుద్దని" అంది. తర్వాత నా కన్ను చూసి, "ఎవరి చెయ్యి తగిలిందమ్మా?" అని అడిగింది.

"మా అమ్మది."

"అయ్యో! ఆమె కడుపులో ఎంత మండిపోతందో" అంది ఆ అమ్మాయి. "బిడ్డని ముట్టుకుని నాకు ఇరవై రోజులయింది. పొరపాటున తగిలితే నేనైతే ఆ రోజంతా అన్నం తినలేను."

నాకు ఏడుపు ఆగలేదు. అందరూ కంటి మంటే అనుకున్నారు. ఏడుస్తూనే ఆమె బిడ్డకు టోకెన్ రాశాను, చిన్నపిల్లల డాక్టరు దగ్గరికి ముందు పంపమని నర్సును బతిమాలాను. తలెత్తి చూస్తే పెద్ద డాక్టరు గారు, జయకృష్ణ గారు నా ఎదురుగా నిలబడి ఉన్నారు.

"కంటికేమైంది?" అన్నారు డాక్టరు గారు.

"మిరప చెయ్యి తగిలింది సార్. మా అమ్మ... కాదు సార్, తప్పు నాదే" అన్నాను. ఆయన టార్చి వేసి చూశారు. చుక్కల మందు ఏదో రాసిచ్చి ముందుకు వెళ్ళిపోయారు.

సాయంత్రం జయకృష్ణ గారు రెండు పేర్లు చదివారు. రెండోది నాది. "సోమవారం నీ కౌంటర్ దగ్గర ఒక్క గొడవ కూడా లేకపోవడం ఇదే మొదటిసారి. ఇలాగే ఉండు. కళ్ళు మాత్రం జాగ్రత్త" అన్నారు. రామలక్ష్మక్క నన్ను వాటేసుకుంది. నాకు మాత్రం ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్ళి పడతానా అనే ఉంది.

బస్సు దిగి నడుస్తుంటే పక్కింటి రత్తమ్మత్త ఎదురొచ్చింది. "మీ అమ్మ ఇయ్యాల కోతకు రాలేదే, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. నేను ఇంటికి పరిగెత్తాను. మా అమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ముందు గిన్నెలో మజ్జిగ, అందులో మణికట్టు దాకా ముంచిన చేతులు. పొద్దుటి నుంచీ అలాగే కూర్చుందని చూస్తేనే తెలుస్తోంది. వేళ్ళు నాని ముడతలు పడిపోయాయి. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది, రెండు వేళ్ళకు నెత్తురు చిమ్మి ఆరిపోయింది.

నన్ను చూసి లేచి నిలబడింది. "కన్నెట్టా ఉంది?" అంది. వెంటనే, భయం భయంగా, "ఉద్యోగం?" అంది.

"ఉంచుకున్నారమ్మా."

అమ్మ ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ప్రభువా" అంటూ రెండు చేతులూ నా చెంపల దాకా తెచ్చింది. అక్కడ గుర్తొచ్చింది ఆమెకు. చేతులు అలాగే గాల్లో ఆగిపోయి, మెల్లగా వెనక్కి పోయాయి. కొంగులో దాచుకుంటూ, "చానా సంతోషంగా ఉంది తల్లీ" అంది దూరం నుంచే.

"తుడవమన్నది నేనేనమ్మా. నువ్వొద్దంటూనే ఉన్నావు. నోటికొచ్చినట్టు అన్నాను" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది గానీ చేతులు బయటికి తీయలేదు. ఈస్టరు ఇంకా నెలపైనే ఉంది. నాకు అప్పటిదాకా ఆగే ఓపిక లేకపోయింది.

కొంగులోంచి ఆ రెండు చేతులూ లాగాను. వద్దే, వద్దే అంటూ గింజుకుంది. నేను కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, ఆమె అరచేతులు నా చెంపలకు ఆనించుకున్నాను. మజ్జిగ వాసన వేశాయి. పగుళ్ళు గరుకుగా తగిలాయి. కాసేపు బిగదీసుకుని ఉన్న వేళ్ళు తర్వాత నెమ్మదిగా కదిలి, చిన్నప్పటిలాగే నా చెంపలు పుణకడం మొదలుపెట్టాయి.

"మండుతుందా?" అని అడిగింది అమ్మ.

మండుతోంది.

"లేదమ్మా. తియ్యొద్దు" అన్నాను.