ఇరవై మూడో నమూనా

దోసె తిరగేస్తుండగా మా ఆయన మోహన్‌కుమార్ ఫోన్ మీంచి తలెత్తకుండానే అన్నాడు. "పేటెంట్ కాగితాల్లో నా పేరు వేసినారు చైత్రా. నువ్వు సాక్షి సంతకం పెడితే చాలు. ఒకే ఇంట్లో ఉండాము, ఎవరి పేరైతే ఏముండాది?"

దోసె మాడింది. మాడినదాన్ని నా పళ్లెంలోనే వేసుకున్నాను.

బెంగళూరు పక్కన జిగణిలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేస్తాం. ఆయన ప్రొడక్షన్ చూస్తాడు, నేను ల్యాబ్. నైట్రో రసాయనాలను మందులకు పనికొచ్చే అమైన్లుగా మార్చడానికి అక్కడ ఇనుపపొడి వాడేవారు. బ్యాచ్ అయిన ప్రతిసారీ గుట్టలుగా తుప్పుబురద మిగిలేది. ఇనుపపొడికి బదులు, బొగ్గుపొడి మీద పల్లాడియం అనే లోహాన్ని కంటికి కనిపించనంత సన్నని కణాలుగా నిలపాలని రెండేళ్లు కష్టపడ్డాను. ఒకసారి వాడగానే కణాలు ముద్దకట్టేవి. ఇరవై రెండు నమూనాలు పారబోశాను. "కూరలో ఉప్పు సరిగ్గా వేయడం రాదు, ల్యాబ్‌లో ఏం వెలగబెడతాదో" అని మా అత్త అక్కయమ్మ చుట్టాల ముందు నవ్వేది. ఆయనా నవ్వేవాడు. ఇరవై మూడో నమూనా చిటికెడు వేసిన రోజు, గాజు గ్లాసులోని నైట్రోఫినాల్ పసుపురంగు నా కళ్లముందే వెలిసిపోయి, నాలుగు నిమిషాల్లో నీళ్లలా తేటపడింది. నైట్రో అంతా అమైన్‌గా మారిపోయిందన్నమాట. ఎవరికైనా చూపించాలని ప్రాణం కొట్టుకుంది. అప్పుడే అత్త ఫోన్. "వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురా. నిన్నటి మాదిరి మర్చిపోవద్దు." సరే అత్తా అన్నాను. ఆ పొడినే వడగట్టి పన్నెండుసార్లు వాడాను. ప్రతిసారీ అదే నాలుగు నిమిషాలు.

దోసె మాడిన రోజే మధ్యాహ్నం ఫ్యాక్టరీకి సరుకు కొనేవాళ్లు వచ్చారు. "కాఫీ, టిఫిన్ చూసుకుందువు, నువ్వూ రామ్మా" అని డైరెక్టర్ జయరామప్ప నన్నూ పిలిచాడు. తెరమీద నా గ్రాఫులు, వాటికింద మా ఆయన పేరు. వచ్చినవారిలో పెద్దాయన అశ్వత్థప్ప అడిగాడు: "ఇన్నిసార్లు వాడినా కణాలు ముద్దకట్టలేదంటిరే, ఎట్ల?"

మోహన్ నావైపు తిరిగాడు. "మా మిసెస్ చెప్తుంది సార్. ఇట్లాంటి చిన్న చిన్నవన్నీ ఆమే చూసుకుంటుంది."

చిన్న చిన్నవి. యాసిడ్ పొగకు మండిన కళ్లు, ల్యాబ్ కోటు విప్పగానే పట్టుకున్న గరిట, "నీకేం, కూర్చుని చేసే పని" అన్న మాటలు, అన్నీ చిన్నవే. జవాబు చెప్పి ఊరుకుంటే సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఊరుకోకపోతే నెలరోజులు నాతో ఎవరూ మాట్లాడరు.

"బొగ్గును ముందు నైట్రిక్ యాసిడ్‌లో ఉడికించాను సార్. అప్పుడది లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది" అన్నాను. సంచిలోంచి ల్యాబ్ నోటుబుక్ తీసి అశ్వత్థప్ప ముందు పెట్టాను. రెండేళ్ల తేదీలు, ప్రతి పేజీ కిందా నా సంతకం. "ఇది చేసింది నేను. పేటెంట్ కాగితాల్లో పేరు తప్పు పడింది. సరిచేసేదాకా నేను దేనిమీదా సంతకం పెట్టను."

జయరామప్ప చేతిలోని కప్పు కింద పెట్టాడు. మోహన్ పళ్లు బిగించి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "ఇంటికి రా. మాట్లాడదాం."

"మాట్లాడేదేమైనా ఇక్కడే మాట్లాడండి. అందరూ ఉండారు" అన్నాను, అందరికీ వినబడేలా.

అశ్వత్థప్ప నోటుబుక్ దగ్గరికి లాక్కుని మొదటి పేజీ తెరిచాడు.