వేపమండల వెనుక జ్వరం

గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంటిని చూస్తే దండం పెట్టుకుని పక్కకు తప్పుకుంటాం. లోపల ఎవరున్నారని అడగం. రెండువేల ఇరవై ఒకటి వేసవిలో, గుజరాత్‌లోని సూరత్‌లో, తెలంగాణ నుంచి వలసొచ్చి బమ్రోలిలో మరమగ్గం నడిపే రాజమౌళి గది ముందు కూడా ఎవరూ ఆ మాట అడగలేదు.

లోపల అతని నాలుగేళ్ల కూతురు నీరజ ఆరు రోజులుగా జ్వరంతో కాలిపోతోంది. ఒళ్లంతా దద్దుర్లు, ఎర్రబడిన కళ్లు, పగిలిన పెదవులు. పోచమ్మ తల్లి పోసిందని నాయనమ్మ వెంకటవ్వ తేల్చేసింది. తల్లి ఉన్న ఇంట్లో పోపు పెట్టరు, మందు ముట్టరు. రాజమౌళికి అనుమానం లేకపోలేదు. కానీ జ్వరమని పొక్కితే కరోనా అంటారు, గల్లీ మూసేస్తారు, మగ్గం దగ్గరికి రానివ్వరు. ఆ వేపమండలు అతనికీ అక్కరకొచ్చాయి. దవాఖానకు పోదామని అతని భార్య లత రోజూ అడిగింది. అడిగి అడిగి అలసిపోయింది.

పన్నెండో రోజు జ్వరం దిగింది. వేళ్ల కొసల తోలు పొరలుగా ఊడింది. తల్లి దిగిందని వెంకటవ్వ సంబరంగా పిల్ల తలకు పసుపునీళ్లు పోసింది. ఆ సాయంత్రమే నీరజ నాలుగు మెట్లెక్కి, ఆయాసంతో కూలబడింది.

“ఇగ నేనెవ్వల్ని అడుగ” అని లత పిల్లను చంకనెత్తుకుని పెద్దాసుపత్రికి బయలుదేరింది. రాజమౌళి తల వంచుకుని వెంట నడిచాడు.

డాక్టరమ్మ గుండెకు స్కానింగ్ చేసింది. ఇది అమ్మవారు కాదు, కవాసాకి అనే జబ్బు, దీంతో చిన్నపిల్లల రక్తనాళాలు వాస్తాయని చెప్పింది. గుండెకు నెత్తురందించే నాళం ఒకటి అప్పటికే బుడగలా ఉబ్బింది. మొదటి పది రోజుల్లో తెస్తే నరానికి ఎక్కించే మందుతో ఈ ఉబ్బు చాలావరకు తప్పేదట. వాపు ఇంకా ఉంది కనుక ఇప్పుడూ ఎక్కిస్తామని, రక్తం గడ్డకట్టకుండా మాత్ర మాత్రం రోజూ వేయాలని అంది. ఎన్నేళ్లని లత అడిగితే, చెప్పలేనంది.

ఏడాది గడిచింది. రోజూ మాత్ర వేసేది వెంకటవ్వే. పిల్ల పరుగెత్తబోతే ఆమే వెంటపడి ఆపుతుంది.

ఒకరోజు ఎదురింటి భూదేవి, జ్వరమొచ్చిన మనుమరాలి కోసం గుమ్మానికి మండలు కడుతోంది. వెంకటవ్వ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“తల్లికి మొక్కు, నేను వద్దన. గని జెరమొస్తే ముందుగాల దవాఖాన్ల సూపియ్యాలె. తల్లి పేరు జెప్పి నేను, కరోనాకు భయపడి నా కొడుకు, పన్నెండు దినాలు పోగొట్టినం. గా దినాలు ఇప్పుడు నా మనుమరాలి గుండెల ఉన్నయి.”

రాజమౌళి అప్పటికే ఆటో పిలిచి గుమ్మం ముందు ఆపాడు. వెంకటవ్వ భూదేవికి దాన్ని చూపించింది.

“మండలు రేపు గట్టుకోవచ్చు బిడ్డా. పొల్లను ఇయ్యాలనే తీస్కపో.”