లిస్టులో లేని దేశం

మిర్కాబ్‌లో ఇఖామా ఫారాలు టైపు చేస్తుంటాను. ఈ అరబ్బు దేశంలో పనిచేసుకునే పరాయివాడెవడికైనా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కాగితం, కావాలి; దానికి కఫీల్, అంటే మనకి పనిచ్చిన అరబ్బు ఆసామి, సంతకం కావాలి. నాకైనా అంతే, తెల్లదొరకైనా అంతే.

నిన్న హాడన్ అనే దొర వచ్చాడు. పుట్టిన దేశం అడిగితే రొడీషియా అన్నాడు. కంప్యూటరు లిస్టులో ఆ పేరు లేదండి, జింబాబ్వే అని కొడతానన్నాను. అంతే, దొరకి మండింది. అడవి నరికి ఆ దేశాన్ని నిలబెట్టింది వాళ్ళ తాతేనంట. నల్లవాళ్ళు ఓట్లేసుకుని పేరు మార్చేశారంట, తర్వాత పొలాలూ లాక్కున్నారంట. ఆ పొలాలేవో తాతగారికి అత్తారు రాసిచ్చినట్టు చెప్పుకొచ్చాడు.

వెనక కూర్చున్న నర్సు గ్రేస్‌దీ ఆ దేశమే. పాపం, నెమ్మదిగానే అంది.

"ఆ పొలాల్లోంచి మావాళ్ళని రాళ్ళగుట్టల మీదకి తరిమారు. తర్వాత మా తాత అదే పొలంలో కూలీ. జేబులో చీటీ లేకుండా రోడ్డెక్కితే జైలే. ఆ చీటీ మీద దొర సంతకం ఉండాలి."

హాడన్ తన కుర్చీ ఏసీ వైపు జరుపుకున్నాడు. నేను జింబాబ్వే అనే కొట్టి, కాగితం ఆయన ముందు పెట్టాను. మేం కోనసీమవాళ్ళం, మర్యాదకి లోటు చెయ్యం.

"అంతా సరిపోయిందండి, దొరగారూ. మీ కఫీల్ సంతకమే లేదు. అది పెట్టించుకునేదాకా కాస్త రోడ్డెక్కకండేం."