నేను ఉత్తరం చూడని రోజు

నేను ఒక ఉక్కు సూదిని. బట్టలు కుట్టే సూదిని కాదు. సముద్రం మీద పడవ నడిపేవాళ్లకు దిక్కు చెప్పే దిక్సూచిలో, ఇత్తడి గిన్నె మధ్య, సన్నని మొన మీద నిలబడి తిరిగే సూదిని. నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది.

నన్ను ఉక్కు రేకులోంచి కత్తిరించారు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచారు. నేను అరిచిన అరుపు వాళ్లకు చుయ్‌మని మాత్రమే వినిపించింది. సుత్తితో సాపు చేశారు. అప్పటికి నేను వట్టి ఉక్కును. నా లోపల లెక్కలేనన్ని బుల్లి అయస్కాంతాలు ఉన్నాయి గాని, ఇంటిబెల్లు కొట్టాక మీరు పరుగెత్తినట్టు, ఒకటి అటు చూసేది, ఒకటి ఇటు చూసేది. ఒకదాని బలాన్ని మరొకటి చెడగొట్టేది.

అప్పుడు నన్ను రాగితీగ చుట్టలోకి దూర్చి మీట నొక్కారు. తీగలో కరెంటు పారింది. కరెంటు పారుతున్నంతసేపూ తీగచుట్ట అయస్కాంతమే. ఆ విసురుకు నాలోని బుల్లి అయస్కాంతాలన్నీ, ఎవరో జుట్టు పట్టుకుని తిప్పినట్టు, ఒకే వైపు తిరిగాయి. మీట తీశారు. కరెంటు ఆగిన మరుక్షణం తీగచుట్ట బలం పోయింది. నా బలం పోలేదు. గట్టి ఉక్కును కదా, నేర్చుకున్నది వదల్లేదు. పిల్లలూ, ఈ తేడా గుర్తుంచుకోండి. ఇది తెలియకపోబట్టే ఒక మనిషికి కన్ను పోయింది.

నా ఒక కొనకు ఎర్ర రంగు వేశారు. అది ఉత్తరం వైపు తిరుగుతుంది. ఎందుకంటే భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతమే. కాకపోతే భూమి లాగే లాగుడు చాలా మెత్తన. దూరాన ఉన్న అమ్మ పిలిచినట్టు, చుట్టూ గోల లేకపోతేనే వినిపిస్తుంది.

విశాఖపట్నం రేవులో ఒక చేపల మరపడవకు నన్ను బిగించారు. చక్రం పట్టి పడవ నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. మా సరంగు పేరు కొర్లయ్య. నన్ను రోజూ చొక్కా కొనతో తుడిచేవాడు. ఒకసారి బల్బు తీగ నా పక్కనుంచి లాగితే నేను పక్కకు తిరిగాను. బల్బు ఆర్పగానే సరిగ్గా నిలిచాను. కొర్లయ్య అది చూసి తీగను దూరం జరిపించాడు. కరెంటుకూ నాకూ ఏదో పడదని ఆయనకు అర్థమైంది. అర్థమైనంత వరకూ అది నిజమే.

ఇప్పటి జీపీఎస్‌లు లేని రోజులవి. ఒక వేట రోజు తాతయ్యలు అనే కళాసీ, అంటే పడవ పనివాడు, బజారు నుంచి పాటల పెట్టె తెచ్చాడు. టేప్ రికార్డరుకు తగిలించే పెద్ద స్పీకరు. సరంగు గదిలో, సరిగ్గా నా పక్క మేకుకు వేలాడదీశాడు.

ఆ పెట్టెలో ఎవరున్నారో నాకు వెంటనే తెలిసింది. స్పీకరులో కాగితపు గరాటు ఉంటుంది. దాని వెనక సన్నని తీగచుట్ట, ఆ చుట్టను ఆనుకుని బరువైన నల్లటి అయస్కాంతం. పాటకు తగ్గట్టు చుట్టలో కరెంటు ముందుకూ వెనక్కూ పారితే, అయస్కాంతం దాన్ని తోస్తుంది, లాగుతుంది. కాగితం అదిరి పాట వస్తుంది. తాతయ్యలు పాటకు ఊగుతున్నాడు. నల్లవాడు మాత్రం నా ఎర్రకొన పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. వేరు రకం కొనలు లాక్కుంటాయి, ఒకే రకం కొనలు నెట్టుకుంటాయి. వాడు ఒక కొన లాగి, రెండో కొన నెట్టి, నన్ను తన వైపు బిగబట్టాడు. భూమి ఎంత పెద్దదైనా దూరం. వాడు చిన్నవాడే, జానెడు దూరంలో ఉన్నాడు.

మధ్యాహ్నానికి, నడిసముద్రంలో ఉండగా, ఆకాశం నల్లబడింది. వాయుగుండం, తిరిగి రండని రేడియో చెప్పింది. సూర్యుడు లేడు, ఒడ్డున కొండ కనబడదు. అందరూ నా వైపే చూశారు. ఇల్లు పడమట ఉంది. నేను మాత్రం పడవ ఎటు తిరిగితే అటే పడమర అని చూపిస్తున్నాను. పడవతో పెట్టె తిరుగుతోంది, పెట్టెతో నేను తిరుగుతున్నాను.

కొర్లయ్యకు అనుమానం వచ్చింది.

"ఒరే, కెరటం ఎనకనుంచి కదా తోయాల! ఎదురొచ్చి కొడతందేటి? మనం లోపలికెల్లిపోతన్నాంరా."

"సూది పడమరే సెప్తంది బావా," అన్నాడు దేముడు. కొర్లయ్య భార్యకు తమ్ముడు. ఒంట్లో బలమెక్కువ, ఓపిక తక్కువ.

"ఆ పాట ఆపండ్రా ముందు! కరెంటు వల్లే ఇది తిరుగుతందేమో."

తాతయ్యలు మూతి ముడుచుకుని పాట ఆపాడు. అందరూ నా మీదికి వంగారు. నేను వెంట్రుకవాసి కదల్లేదు. కరెంటు ఆగితే తీగచుట్ట వదులుతుందిగాని, నల్లవాడు వదలడు. వాడికి మీట లేదు.

"సూసినావా! నా పెట్టె మీద ఏడుత్తన్నావు," అన్నాడు తాతయ్యలు. మళ్లీ పాట పెట్టాడు.

కొర్లయ్య ఇక వాదించలేదు. పడవను వెనక్కి తిప్పడానికి చక్రం పట్టాడు. దేముడు ఆయన చేతుల మీద పడ్డాడు.

"పిచ్చెక్కిందేటి బావా? అందర్నీ సంపేత్తావా?"

"వొదులు! సంపుతున్నది నువ్వురా!"

కొర్లయ్య మోచేత్తో పొడిచాడు. దేముడి పెదవి చిట్లింది. తాతయ్యలు కొర్లయ్య మెడ పట్టి వెనక్కి లాగాడు. ముగ్గురూ ఆ ఇరుకు గదిలో గోడకూ గోడకూ కొట్టుకున్నారు. అప్పుడు దేముడు మూలనున్న ఇనుప కడ్డీ ఎత్తాడు. ఇనుము నాకు చుట్టం. అది నా మీదుగా లేచినప్పుడు నా కొన అటు వణికింది. ఆ వణుకు ఎవరూ చూడలేదు. కడ్డీ కొర్లయ్య ఎడమ కంటి మీద పడింది. నా అద్దం మీదికి నెత్తురు చిమ్మింది.

ఆయన్ను వలతాడుతో గుంజకు కట్టేశారు. దేముడు నా అద్దం తుడిచి చక్రం పట్టుకున్నాడు. పడవ ఎంత మెలికలు తిరిగినా నేను పడమర పడమర అంటూనే ఉన్నాను. అంత నిలకడగా ఉన్న సూదిని చూసి వాడికి ధైర్యం వచ్చింది. కెరటాలు మాత్రం ఎదురొచ్చి తన్నుతూనే ఉన్నాయి. ఒకటి గది తలుపు ఊడదీసింది. ఇంకొకటి వలలన్నీ ఈడ్చుకుపోయింది. ఇంకాస్త లోపలికి వెళ్తే పడవ నిలవదు.

అంతలో పడవ ఒక పక్కకు పూర్తిగా ఒరిగింది. మేకు ఊడింది. పాటల పెట్టె నేల మీద పడి, జారి, ఆ చివరి గోడకు గుద్దుకుంది. నా ఎర్రకొనకు ఊపిరి ఆడింది. గిర్రున ఉత్తరానికి తిరిగాను.

గుంజకు కట్టేసి ఉన్న కొర్లయ్య ఒంటికన్నుతో అది చూశాడు.

"దేముడూ! సూది! సూది సూడరా! పెట్టె ఎల్లింది, సూది తిరిగింది!"

దేముడు పెట్టెను దగ్గరకు తెచ్చాడు. నేను దాని వైపు తిరిగాను. దూరం జరిపాడు. వెనక్కి వచ్చాను. మళ్లీ తెచ్చాడు. మళ్లీ తిరిగాను. పెట్టెను నెత్తిమీదికి ఎత్తి సముద్రంలోకి విసిరేశాడు. తాతయ్యలు తాడు కోసి కొర్లయ్యను లేపాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని చక్రం దగ్గర నిలబెట్టారు. మొహం మీద నెత్తురు కారుతుండగా ఆయన పడవను తిప్పాడు. తిప్పుతున్నప్పుడు ఒక కెరటం అందర్నీ ముంచేసింది. లేచాక కెరటాలు వెనకనుంచి తోయడం మొదలుపెట్టాయి.

రేవు చేరారు. కన్ను మాత్రం దక్కలేదు. కొర్లయ్య మళ్లీ పడవ నడపలేదు. కొన్నేళ్లకు పడవకు కొత్త యంత్రాలు వచ్చాక నన్ను ఊడదీశారు. కొర్లయ్య అడిగి తీసుకుని, తమ పేటలోని బడికి ఇచ్చాడు.

ఇప్పుడు నేను పైడితల్లి టీచరుగారి బల్ల మీద ఉంటాను. ఆవిడ నాలుగో తరగతికి అయస్కాంతం పాఠం చెప్పేటప్పుడు కొర్లయ్యను పిలిపిస్తారు. మొన్న ఆయన ఈ కథంతా చెప్పాడు, కడ్డీ సంగతి తప్ప. కస్తూరి అనే పిల్ల చేతిలో చిన్న అయస్కాంతం పట్టుకుని నన్ను గిరగిరా తిప్పుతోంది.

"అయితే ఈ సూది నిన్ను మోసం సేసింది కదా తాతా?"

"మోసం కాదు గుంటా. దాని పక్కన ఏటుందో సూడకుండా దాన్నడిగినాం. ముందు సుట్టూరా సూసుకోవాల."

"మరి నీ కన్నెలా పోయింది?"

గుమ్మం దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మనవరాలిని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన దేముడు. ఆ ప్రశ్న విని తల దించుకున్నాడు. కస్తూరి ఆయన మనవరాలే.

కొర్లయ్య అటు చూశాడు. తర్వాత పిల్ల వైపు తిరిగాడు.

"కెరటం," అన్నాడు. "పెద్ద కెరటం కొట్టేసింది."

కస్తూరి అయస్కాంతాన్ని దూరంగా అలమర్లో పడేసి, సంచి తగిలించుకుని తాత దగ్గరకు పరుగెత్తింది. నేను కాసేపు అటూ ఇటూ ఊగాను. ఆ ఇద్దరు ముసలివాళ్లు కాక, జరిగింది చూసినదాన్ని ఆ తరగతి గదిలో నేనొక్కదాన్నే. నాకు దిక్కు చెప్పడం తప్ప ఇంకేమీ రాదు. మెల్లగా ఉత్తరానికి తిరిగి ఊరుకున్నాను.